ఎండ తగలని బండికి లైటు వైజర్లు

అప్పయ్యకు కష్టమొచ్చినప్పుడల్లా అతని చేపల బండికి వైభోగం పడుతుంది. తండ్రి పోయిన ఏడాది కొత్త టార్పాలిన్ వచ్చింది. కొడుకు బాలాజీ ఇంటర్ తప్పినప్పుడు పాటలు పాడే హారన్ వచ్చింది. బాధ మనిషిది, వైద్యం బండికి. నోరు తెరిచి ఒక్క మాట అనమంటే అనడు గానీ, పానా పట్టుకుని బండి కింద దూరమంటే పూటంతా అక్కడే ఉంటాడు. అందుకే అతని భార్య వీరలక్ష్మికి మూతి వంకరపోయిందని తెలిసినప్పుడు గిలకలదిండిలో అందరూ అయ్యో అన్నారు గానీ, బావమరిది మాత్రం "ఈసారి బండికేం చేయిస్తాడో చూడండి" అన్నాడు.

చేయించాడు. కాకపోతే ఆ ఆలోచన రావడానికి వానాకాలమంతా పట్టింది.

వీరలక్ష్మికి జబ్బు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. పొద్దున లేచి టీ తాగుతుంటే టీ కుడి పక్కనుంచి కారి జాకెట్టు మీద పడింది. ఇదేంటని నవ్వబోతే నవ్వు సగం మొహంలోనే ఆగిపోయింది. కుడి కన్ను మూతపడలేదు. దివిసీమనుంచి ఆమె తల్లి ఏడుస్తూ వచ్చి, గాలి సోకిందని మోపిదేవి తీసుకెళ్ళి మొక్కించింది. అప్పయ్య బందరులో డాక్టరుకు చూపించాడు. మొహంలో నరం వాచిందనీ, ప్రాణానికేమీ ఫర్వాలేదనీ, కంట్లో దుమ్ము పడనివ్వొద్దనీ, కొన్నాళ్ళు చల్లగాలి తగలనివ్వొద్దనీ ఆయన చెప్పాడు. మందులయ్యాక నవ్యశ్రీ అనే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపాడు. అద్దం ముందు కూర్చుని కనుబొమలు ఎత్తాలి, కళ్ళు గట్టిగా మూయాలి, బుగ్గలు పూరించాలి, పళ్ళు కనపడేలా నవ్వాలి. చూసుకోకుండా చేస్తే బాగున్న పక్కే పనంతా చేసేస్తుంది, పడిపోయిన పక్క పడిపోయినట్టే ఉంటుంది.

"ఆంటీ, ఇప్పుడు బద్ధకించారంటే తర్వాత ఎంత చేసినా రాదు. మొహం ఇలాగే బిగిసిపోతుంది," అంది నవ్యశ్రీ.

వీరలక్ష్మి తలూపింది. ఇంటికొచ్చి, గోడకున్న అద్దం తీసి బీరువా వెనక పెట్టేసింది.

గుడివాడ చేపల మార్కెట్లో వీరలక్ష్మి గొంతు తెలియని వాళ్ళు లేరు. ఆమె పండుగప్ప అని ఒక్క కేక వేస్తే, కూరగాయలకని వచ్చిన వాళ్ళు కూడా సంచి పట్టుకుని ఇటు తిరిగేవాళ్ళు. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని చేపలు కోస్తోంది. బేరం అప్పయ్య మీద పడింది. అప్పయ్య బేరం చేస్తుంటే ఎవరింటికో పరామర్శకు వచ్చినట్టుంటుంది. చేప బాగుందా అని అడిగితే, ఏదో ఉందిలెండి అంటాడు. అలాంటి మనిషి దగ్గర వంజరం ఎవరు కొంటారు?

బేరం సంగతి అటుంచి, ఇల్లు మూగబోయింది. చీకటితో లేవడం, హార్బరుకెళ్ళి చేపలెత్తడం, గుడివాడ, మళ్ళీ ఇల్లు, ట్రేలు కడగడం, ఇంత తిని పడుకోవడం. ఇదివరకూ ఇంతే. కానీ ఇదివరకు దారి పొడుగునా వీరలక్ష్మి మాట్లాడేది, అప్పయ్య ఊఁ కొట్టేవాడు. ఇప్పుడు ఆమె మాట్లాడకపోయేసరికి అతనికి ఊఁ కొట్టడానికి కూడా ఏమీ లేకుండా పోయింది. తానింత అలిసిపోయింది పనివల్ల కాదని అప్పయ్యకు తెలుసు. అదే ఎవరితోనైనా అనేస్తే తేలికపడేవాడు, అనలేదు.

ఒకరోజు గుడివాడ పెట్రోలు బంకులో పక్కన ఒక కారు ఆగింది. ముందు సీట్లో ఉన్నావిడ తలపైన రేకులాంటిది కిందకి దించి, దాని మూత పక్కకు జరిపింది. లోపల అద్దం, అద్దానికి రెండు పక్కలా లైట్లు. ఆవిడ నింపాదిగా బొట్టు సరిచేసుకుంది. అప్పయ్య పైపు బండిలోనే ఉందని మరిచిపోయి ముందుకు కదలబోతే బంకులో కుర్రాళ్ళు కేకలేశారు.

అతనికి లెక్క కుదిరింది. ఇంట్లో అద్దం ముందు కూర్చునే తీరిక ఆమెకు లేదు. తీరిగ్గా కూర్చునేదల్లా బండిలోనే. పొద్దున్నే చీకటి, కాబట్టి లైటుండాలి. ఇంత ఆలోచించినవాడు ఆమెను ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడిగితే అప్పయ్య ఎందుకవుతాడు?

బందరులో కార్లకు సోకులు చేసే సామ్యేలు అతనికి పాత స్నేహితుడు. సంగతి విని నవ్వాడు.

"పొద్దున గుడివాడ వెళ్ళేటప్పుడు సూర్యుడు నీ వీపు వెనకుంటాడు. తిరిగొచ్చేటప్పుడూ వీపు వెనకే ఉంటాడు. ఇన్నేళ్ళలో ఎండ మొహాన కొట్టని బండి నీదొక్కటే. ఎండకడ్డం దించుకునే ఉన్న వైజర్లే దండగనుకుంటే మళ్ళీ లైట్లవా బావా? హీరోయిన్నేమైనా ఎక్కించుకుంటున్నావా?"

"మా ఆవిడకి," అన్నాడు అప్పయ్య.

సామ్యేలు ఇంక నవ్వలేదు. ఏదో పాత కారుకున్న జత వెతికి తీశాడు. అవి ఈ బండికి సరిపోవు. పాతవి ఊడదీస్తే లోపలి స్పాంజి పొడిపొడిగా రాలింది. కొత్త వాటి కాళ్ళు అరగదీసి, పట్టీలకు వేరే చోట చిల్లులు వేసి, పైకప్పు దీపంనుంచి వైరు లాగి, కనపడకుండా గుడ్డ వెనక దోపాడు. మూత జరిపితే లైటు వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. డ్రైవరు వైపుదానికీ అద్దం ఉంది. అప్పయ్య మూత జరిపి తన మొహం చూసుకున్నాడు. గడ్డం ఇంతలా ఎప్పుడు నెరిసిందో అతనికే తెలియలేదు.

మర్నాడు చీకటితోనే బండి తీశాడు. గిలకలదిండిలో వేటకెళ్ళే పడవైనా, బేరానికెళ్ళే బండైనా ముత్తైదువ ఎదురొస్తే గానీ కదలదు. జబ్బు చేసిన దగ్గర్నుంచీ అప్పయ్య బండికి పక్కింటి కొత్తకోడలు బిందు ఎదురొస్తోంది. ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ నీళ్ళ బిందెతో ఎదురొచ్చి వెళ్ళింది. ఆ తర్వాత వీరలక్ష్మి పక్కనుంచి వచ్చి, తలమీదుగా కొంగు కప్పుకుని సీట్లో కూర్చుంది.

హార్బరులో చేపలెత్తుకుని పెడన వైపు తిరిగాక అప్పయ్య గొంతు సవరించుకున్నాడు.

"నీ నెత్తిమీద ఉంది చూడు. అది కిందకి లాగు."

లాగింది.

"దానికి మూతుంది. జరుపు."

జరిపింది. క్యాబిన్ అంతా తెల్లటి వెలుగు పరుచుకుంది. అప్పయ్య రోడ్డు మీదే చూపు నిలిపి, లోలోపల సంబరపడుతూ, ఏమంటుందా అని ఎదురుచూశాడు. మూత టప్పున పడింది, మళ్ళీ చీకటైంది.

"తీయించెయ్," అంది.

"అది కాదే, నవ్యశ్రీ చెప్పిందిగా. దారిలో కూర్చుని..."

"చీకట్లో ఎవరన్నా అద్దం చూసుకుంటారా మావా? ఇంటికి అరిష్టం."

గొంతులో ఏడుపుంది. అరిష్టం సంగతి వీరలక్ష్మి ఎప్పుడు పట్టించుకుందో అతనికి గుర్తు లేదు.

ఆ మర్నాడు ఆమె ముందు సీటెక్కలేదు. వెనకెక్కి, ఐసు ట్రేల మధ్య టార్పాలిన్ మడతమీద కూర్చుంది. ముందుకు రమ్మంటే తల అడ్డంగా ఊపింది. ఆ రోజూ, ఆ తర్వాత రోజులూ అంతే. మూతపడని కన్ను, రోడ్డంతా దుమ్ము, పైగా వరి కోతల కాలం. వారం తిరిగేసరికి కన్ను మిరపపండులా ఎర్రబడింది.

"ఆ కంటికి దుమ్ము తగలకూడదన్నారు కదే. ఐసు ట్రేల మీద ఊరేగడమేంటి నీకు?" అని మార్కెట్లో పక్క పీట రావమ్మ కేకలేసింది. తర్వాత అప్పయ్య వైపు తిరిగి, "నువ్వేం మనిషివయ్యా?" అంది.

అప్పయ్యకు నిజంగానే తెలియలేదు తనేం మనిషో. మంచి చేద్దామనే చేశాడు. వైజర్లు ఊడదీయిద్దామంటే, ఆ మొహం ఇక బాగుపడదని తనే ఒప్పేసుకున్నట్టవుతుంది. ఉంచుదామంటే ఆమె కన్ను పోయేలా ఉంది. తిరుగుదారిలో ఖాళీ సీటు పక్కన పెట్టుకుని నడుపుతుంటే, స్టీరింగు కూడా బరువుగా తోచింది. బండి కాలవలోకి దించి నిద్రపోవాలనిపించేంత అలసట.

ఆ మధ్యాహ్నం పెడన ఇవతల రైలు గేటు పడింది. గేటు దగ్గర బళ్ళు బారులు తీరాయి. అప్పయ్య ఇంజను ఆపి, దిగి వెనక్కి వెళ్ళాడు. వీరలక్ష్మి ఖాళీ ట్రేలకు ఆనుకుని, ఎర్ర కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ముందుకు రా," అన్నాడు.

"ఇక్కడ బాగానే ఉంది."

"కన్ను పోద్ది లక్ష్మీ. ఆ వైజర్ల మీద కోపమైతే వాటిని ముట్టుకోకు. సీట్లో కూర్చో చాలు. ఏం, అంత కాని పనేం చేశాన్నేను?"

వీరలక్ష్మి చెయ్యి దించింది. ఎన్నాళ్ళనుంచో లోపల మరుగుతున్నది ఒక్కసారి పొంగింది.

"ఏం చేశావా? నా మొహం నీకు ఎదురు రాకూడదు గానీ, నాకు మాత్రం లైటేసి చూపిస్తావా?"

అప్పయ్యకు అర్థం కాలేదు.

"పెళ్ళయిన కొత్తలో నీ పడవకి ఎదురొచ్చింది నేను కాదా? పడవ మానేసి బండి కొన్నాక దానికీ ఎదురొచ్చింది నేను కాదా? మూతి వంకరపోగానే నువ్వు రావద్దులే అన్నావు. ఆ బిందుని పిలిచావు. సరే అనుకున్నా. ఈ దరిద్రపు మొహం చూసి బయల్దేరితే బేరం పోద్దని నీకుంటది కదా అనుకున్నా. మళ్ళీ లైటెందుకు మావా? నా మొహం ఎట్టా ఉందో నాకు తెలవదనా?"

ముందు బండివాడు తల బయటపెట్టి వింటున్నాడు. అప్పయ్య అది కూడా గమనించలేదు.

"చల్లగాలి తగలకూడదన్నాడు డాక్టరు," అన్నాడు చివరికి. "చీకట్లో బయటకొచ్చి నిలబడితే గాలి కొట్టుద్దని. అందుకని పడుకోమన్నా. అంతేనే."

"నేనింట్లో పడున్న ఆ నెలంతా అంతే. మరి నేను బండెక్కటం మొదలెట్టాక? బండిలో గాలి లేదా?"

బిందు రావడం అలవాటైపోయింది, వద్దనాలని తోచలేదు. బిందె పట్టుకుని ఎవరు వస్తే ఏముందిలే అనుకున్నాడు. ఉన్నదంతా అక్కడే ఉందని, ప్రతి పొద్దునా పక్కనుంచి తలదించుకుని ఎక్కే మనిషికి తెలుసు, నడిపేవాడికి తెలియలేదు.

"తోచలేదు," అన్నాడు.

"ఎట్టా తోస్తది? నా మొహం వంక చూస్తేగా! జబ్బు చేసిన కాడ్నించీ రోడ్డు చూస్తావు, చేపలు చూస్తావు, టైర్లు చూస్తావు. ఆ లైటు వెలిగినప్పుడన్నా చూశావా?"

చూడలేదు. చూస్తే ఆమె నొచ్చుకుంటుందని తల తిప్పుకోవడం మొదలెట్టాడు. తర్వాత అదే అలవాటైంది. రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. అప్పయ్య బండి వెనక అలాగే నిలబడి, పట్టపగలు, భార్య మొహం చూశాడు. కుడి బుగ్గ జారి ఉంది, పెదవి చివర దిగి ఉంది, కన్ను ఎర్రగా నీళ్ళు కారుతోంది. మొహం మారింది నిజమే. కానీ అంతకంటే ఆ మొహం బాగా చిక్కిపోయింది. అది మాత్రం జబ్బు చేసిన పని కాదని అతనికి తెలిసింది.

"దిగు," అన్నాడు చెయ్యి చాపి. "తప్పు నాదే. రేపు నువ్వే ఎదురు రావాలి."

"బేరం పాడైతే?"

"పోతే పోనీ."

ఆమె చెయ్యి పట్టుకుని దిగింది. ముందు సీట్లో కూర్చుంది. వైజర్ జోలికి మాత్రం పోలేదు.

మర్నాడు బిందు బిందెతో రాబోతే, "ఇవాళ్టినుంచి పడుకో అమ్మా, నీ నిద్ర పాడుచేశాను," అని పంపేశాడు. బండి స్టార్ట్ చేసి కూర్చున్నాడు. వీరలక్ష్మి గుమ్మంలో తటపటాయించింది. పక్కనుంచి రాబోయి ఆగి, చుట్టూ తిరిగి ముందువైపుకు నడిచింది. హెడ్‌లైట్ల వెలుగులోకి రాగానే చెయ్యి దానంతటదే కొంగు మీదకు వెళ్ళింది. అప్పయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "కొంగు తియ్," అన్నాడు. తీసింది. అలా ఎదురు నడిచి వచ్చి బండెక్కింది.

ఇంతా చేస్తే, ఆ రోజు బేరం నిజంగానే పాడైంది. హార్బరులో పడవలు ఆలస్యంగా వచ్చాయి. గుడ్లవల్లేరు దగ్గర ముందు టైరు పోయింది. స్టెప్నీ చూస్తే అందులోనూ గాలి లేదు. పంక్చరు షాపు తెరిచేదాకా ఆగాలి. తెల్లగా తెల్లవారింది, ఐసు కరిగి ట్రేల కిందనుంచి రోడ్డు మీదకు కారుతోంది.

"చెప్పానా?" అంది వీరలక్ష్మి.

"టైరు అరిగి ఏడాదైంది. దానికీ నీ మొహమేనా?" అని విసుక్కుని అప్పయ్య జాకీ తిప్పడానికి కూర్చున్నాడు.

కాసేపటికి నడుం పట్టేసి లేచి నిలబడ్డాడు. ముందు అద్దంలోంచి లోపలికి చూస్తే, వీరలక్ష్మి నెత్తిమీది వైజర్ దించి ఉంది. బాగా వెలుతురొచ్చినా లైటు వెలుగుతూనే ఉంది. ఆమె బుగ్గలు పూరించి, కుడి పెదవి జారకుండా వేలితో పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి చూసుకుంటోంది. గాలి నిలవడం లేదు, మళ్ళీ పూరిస్తోంది. అతన్ని చూసి ఆగింది.

"ఏంటట్టా చూస్తున్నావు?"

"చూస్తున్నా."

"టైరు చూడు," అంది. మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

మార్కెట్‌కు చేరేసరికి జనం పలచబడ్డారు. వాళ్ళ పీట ముందు సోమేశ్వరరావు గారొక్కరే సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. రిటైరైన పోస్టుమాస్టరు. ఇన్నేళ్ళుగా వీరలక్ష్మి దగ్గర తప్ప చేప కొననివారు, వానలకు ముందే కూతురింటికెళ్ళి నిన్ననే వచ్చారు. నిలబడి నిలబడి ఆయనకు చిర్రెత్తింది. కరిగిన ఐసునూ మెత్తబడ్డ చేపలనూ చూసి, అందరూ అనే మాటే అనేశారు.

"ఇంతసేపా? ఇదేం ఖర్మయ్యా అప్పయ్యా! పొద్దున్నే ఎవరి మొహం చూసి లేచావు?"

రావమ్మ కత్తి చేప మీద ఆగిపోయింది. చుట్టుపక్కల పీటల వాళ్ళు తలలు దించుకున్నారు. సంగతి తెలియని పెద్దమనిషి ఒక్కరే జవాబు కోసం చూస్తున్నారు. వీరలక్ష్మి చెయ్యి కొంగు మీదకు వెళ్ళింది.

అప్పయ్య ట్రే కింద పెట్టాడు. జన్మలో ఎప్పుడూ మార్కెట్లో గొంతెత్తనివాడు ఎత్తాడు.

"నా పెళ్ళాం మొహం చూసి లేచానండీ. రేపూ అదే చూసి లేస్తాను. ఎల్లుండీ అదే. దానివల్ల పోయే బేరమైతే నాకొద్దు. మీకు వంజరం కావాలా, చందువ కావాలా?"

ఆ చివర కూరగాయల వాళ్ళకు కూడా వినిపించింది. సోమేశ్వరరావు గారు అప్పుడు వీరలక్ష్మి వైపు చూశారు. ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో తల్లీ, నేను..." అని ఏదో అనబోయారు.

"సంచి పట్టండి బాబాయ్ గారూ, ఏం ఫర్వాలేదు," అంది వీరలక్ష్మి. కొంగు నోటిమీదకు లాక్కోలేదు. నడుముకు చుట్టి దోపుకుంది. ట్రేలోంచి పెద్ద చేపను తోకపట్టి పైకెత్తి, పండుగప్ప అని కేకేసింది. కుడి పక్కనుంచి గాలి పోయి కేక వంకరగా వచ్చింది. రెండోసారి పెదవి వేలితో అదిమిపట్టి ఇంకా గట్టిగా అరిచింది. మార్కెట్లో జనం తలలు తిప్పి ఆమె మొహం చూశారు. అప్పయ్య కూడా చూశాడు.